బకాయి ఎంతో మీరే చెప్పండి: వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి, నమస్కారాలు.

పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకంలో చేరిన ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రులు, ప్రభుత్వం బకాయిలు ఇవ్వలేదని సేవలు ఆపేస్తామంటూ నోటీసు ఇచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. ఒక పేపర్లో 'పేదల వైద్యానికి పాతర', పక్క పేపర్లో 'పాత సర్కారు పాపం'. ప్రభుత్వం మారితే శీర్షికలు అవే, పేపర్లే తారుమారు. పథకం పేరూ అంతే: రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. ఊళ్లో మాత్రం ఇప్పటికీ 'ఆరోగ్యశ్రీ కార్డు తెచ్చావా' అనే అడుగుతారు.

ఏ పేపరు ఎవరి పక్షమో జనానికి తెలుసు, సగం తీసేసి చదువుకుంటారు. చిక్కల్లా బకాయి అంకె దగ్గరే.

గుండెకు స్టెంటు వేసిన ఒక కేసు తీసుకోండి. ముందస్తు అనుమతి వస్తుంది, స్టెంటు వేస్తారు, రోగి డిశ్చార్జి అవుతాడు. ఆసుపత్రి యాంజియో రిపోర్టు, ఫొటోలు, డిశ్చార్జి సమ్మరీ అప్‌లోడ్ చేస్తుంది. యాజమాన్యం ఆ రోజు నుంచే దాన్ని బకాయిగా రాసుకుంటుంది. పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు డాక్టర్లు చూసి, కొర్రీ వేసి, కొంత కోసి ఆమోదిస్తే గానీ ట్రస్టు లెక్కలోకి రాదు. బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కితే గానీ ఆర్థికశాఖ దాన్ని బకాయి అనదు. మూడు అంకెలూ నిజమే. విలేకరి ఎవరికి ఫోన్ చేస్తే ఆ అంకె వస్తుంది, డెస్కుకు ఏది నచ్చితే అది పతాక శీర్షిక అవుతుంది. ఎవరూ అబద్ధం రాయకుండానే రెండు పేపర్లలో రెండు రాష్ట్రాలు కనిపిస్తాయి.

ఇది మీరు ఒక్క పట్టికతో ఆపగలరు. ప్రతి నెలా 5వ తేదీలోగా, జిల్లాలవారీగా: వచ్చిన క్లెయిములు, కొర్రీలో ఉన్నవి, కోత పడిన మొత్తం, ఆమోదించినవి, చెల్లించినవి. ఆమోదించి చెల్లించనివాటిని 30, 60, 90 రోజులు, ఆపైన అని విడగొట్టండి. ప్రభుత్వం మారిన 2024 జూన్‌కు ముందువీ తరువాతవీ వేరుగా చూపించండి, పాత బకాయిల గొడవ అక్కడే తేలిపోతుంది. పీడీఎఫ్‌లో స్కాన్ చేసిన బొమ్మ వద్దు, కూడికలు వేసుకునే షీటు పెట్టండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ఎవరూ అడగకుండానే ఇలాంటివి బయట పెట్టమంటోంది.

ఉచిత వైద్యం ఎంత ఖర్చు దాకా అనే పరిమితి మాటా అంతే. 2023 డిసెంబరులో 5 లక్షలను 25 లక్షలు చేశారని ఒకరు, 2025 సెప్టెంబరులో మంత్రివర్గం 2.5 లక్షల దాకా ఖర్చును బీమా పద్ధతికి అప్పగించిందని ఇంకొకరు పేజీలు నింపారు. పరిమితి కుటుంబానికి ఏడాదికి. ఆసుపత్రికి దక్కేది ప్యాకేజీ ధర, అంటే ఒక్కో చికిత్సకు ముందే కట్టిన రేటు. ఆ ధర గిట్టకపోతే 25 లక్షల కార్డు చేతిలో ఉన్నా 'బెడ్లు లేవు' అంటారు. బీమా పద్ధతి వచ్చాక తిరస్కరించిన ముందస్తు అనుమతులెన్నో, కారణాలేమిటో కూడా ఆ పట్టికలో చేర్చాలి.

విమర్శ రాసినవాళ్ల మీద కేసులు పెట్టే దారి (2019లో జీవో 2430 అలాంటిదే), 2024 జూన్‌లోలా కేబుల్‌లో ఛానళ్లు మాయమయ్యే దారి, రెండూ చూశాం. వార్త తప్పయితే పట్టికలోని అంకె చూపించి ఖండన పంపండి. వార్తలా కనిపించే ప్రకటనలు మాత్రం మీ శాఖ నుంచి వద్దు. ప్రభుత్వ ప్రకటనలను పార్టీ ప్రయోజనానికి వాడకూడదని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది.

ఇంకొకటి, అన్నింటికంటే తొందరైనది. 'ఆరోగ్యశ్రీ బంద్' అని ఒక ఛానల్, 'సేవలు యథాతథం' అని ఇంకో ఛానల్ అరుస్తుంటే వారానికి మూడుసార్లు డయాలసిస్ కావలసిన మనిషి బస్సెక్కాలా వద్దా? సమ్మె నోటీసు అందిన రోజే ట్రస్టు నుంచి ఒక్క పేజీ రావాలి: ఓపీ, ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లు, ఎమర్జెన్సీ, డయాలసిస్, కీమో, వీటిలో ఏది ఏ ఆసుపత్రిలో నడుస్తోంది, నడవకపోతే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ఏది. ఆ పేజీ 104 హెల్ప్‌లైన్‌కూ, ఆసుపత్రుల్లో పథకం రోగులకు దారి చూపే ప్రతి ఆరోగ్యమిత్ర బల్లకూ, అన్ని పేపర్లకూ ఒకే గంటలో చేరాలి.

ఇట్లు,
ఆరోగ్య వార్తలు రాసేవాళ్లం, క్లెయిముల లెక్కలు చూసేవాళ్లం