పెద్ద సైజు రాగి వైర్లు: ఆంప్స్ పట్టిక ఒక్కటే చాలదు

సంపాదకులకు,

ఇంటి మెయిన్ లైన్‌కో, వర్క్‌షాప్ సబ్ బోర్డుకో ఎంత సైజు రాగి వైర్ వేయాలో చెప్పే పట్టికలు పత్రికల్లో తరచూ వస్తుంటాయి. ఒక పక్క ఆంప్స్, ఇంకో పక్క చదరపు మిల్లీమీటర్లు, అంతే. గదుల్లో వేసే చిన్న వైర్లకు దానితో చాలావరకు పని జరిగిపోతుంది. 10, 16, 25, 35 చదరపు మిల్లీమీటర్ల సైజుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది సగం సమాచారమే. దూరం, వేడి, అదే పైపులో నడిచే ఇతర వైర్లు తెలియకుండా సైజు ఖాయం చేస్తే ప్రమాదం.

230 వోల్టుల సింగిల్ ఫేజ్ లైన్, 63 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే లైన్‌ను తనంతట తానే ఆపేసే స్విచ్), సబ్ బోర్డు 40 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పీవీసీ ఇన్సులేషన్ ఉన్న 16 వైర్ గోడ మీది పైపులో 76 ఆంప్స్ మోస్తుందని ఐఈసీ (విద్యుత్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ) పట్టిక చెబుతుంది. సరిపోతుందనే అనిపిస్తుంది. కానీ ఆ అంకె చుట్టూ గాలి 30 డిగ్రీలు ఉన్నప్పటిది. 40 డిగ్రీలైతే 0.87తో హెచ్చించాలి, 66 మిగులుతుంది. అదే పైపులో ఇంకో సర్క్యూట్ కూడా లోడ్ మీద ఉంటే మళ్లీ 0.8తో హెచ్చించాలి, 53కి పడిపోతుంది. ఇక 63 ఆంప్స్ ఎంసీబీ ఆ వైర్‌ను కాపాడలేదు. గంటల తరబడి 60 ఆంప్స్ లాగినా ఎంసీబీ ట్రిప్ కాదు, వైర్ ఇన్సులేషన్ మాత్రం 70 డిగ్రీల హద్దు దాటి గట్టిపడి పగుళ్లిస్తుంది. 25 వైర్ అయితే 101 దగ్గర మొదలై, ఈ రెండు కోతలూ పోయాక కూడా 70 దగ్గర నిలుస్తుంది.

ఇక వోల్టేజ్ డ్రాప్, అంటే దారిలో వైర్‌లోనే తరిగిపోయే వోల్టేజీ. దీనికి తేలికైన లెక్క ఉంది. 44ని వైర్ సైజుతో భాగిస్తే, ఒక ఆంప్‌కు ఒక మీటరుకు ఎన్ని మిల్లీవోల్టులు పోతాయో వస్తుంది. ఫేజ్, న్యూట్రల్ రెండూ అందులోనే ఉన్నాయి, వైర్ పూర్తిగా వేడెక్కినప్పటి నిరోధంతో వేసిన లెక్క ఇది. పై లైన్‌లో 63 ఆంప్స్ పూర్తిగా పారితే 16 వైర్‌లో 6.9 వోల్టులు, అంటే 3 శాతం పోతుంది. 25లో 4.4 వోల్టులు, 1.9 శాతం. సర్వీసు మొదలు నుంచి చివరి పరికరం దాకా మొత్తం డ్రాప్ లైట్లకు 3, మిగతావాటికి 5 శాతం లోపు ఉండాలని ఐఈసీ సూచన. 16 వేస్తే లైట్ల వాటా మెయిన్ లైన్‌లోనే హరించుకుపోతుంది. వేడి రూపంలో వృథా అయ్యేది 16లో దాదాపు 440 వాట్లు, 25లో 280.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 10 నుంచి 25కి వెళితే రాగి రెండున్నర రెట్లు పెరుగుతుంది, కరెంటు మోసే శక్తి మాత్రం 57 నుంచి 101కే. లావు పెరిగినంతగా వేడి బయటికి పోయే ఉపరితలం పెరగదు. వోల్టేజ్ డ్రాప్ అలా కాదు, అది కచ్చితంగా రెండున్నర రెట్లు తగ్గుతుంది. అందుకే దూరపు లైన్లకు లావు వైర్ మీద పెట్టిన ఖర్చు పూర్తిగా దక్కుతుంది. ఆరేడు మీటర్ల లైన్‌లో డ్రాప్ కోసం సైజు పెంచనక్కర్లేదు, వేడి లెక్క సరిపోతే చాలు.

సైజు సరిగ్గా తెచ్చి, బిగించే దగ్గర పాడుచేయడం ఇంకా ఎక్కువ. 25 వైర్ ఎంసీబీ టెర్మినల్‌లో పట్టడం లేదని కొన్ని తీగలు కత్తిరించి దూరుస్తారు. కరెంటంతా మిగిలిన తీగల మీద పడి సరిగ్గా అక్కడే కాలుతుంది. పిన్ లగ్ (వైర్ చివరకు తొడిగే, టెర్మినల్‌లో దూరే సన్నటి మొన ఉన్న లోహపు తొడుగు) వేసి, ఆ సైజుకు సరిపడే డై (అచ్చు) ఉన్న పనిముట్టుతో క్రింప్ చేయాలి, అంటే గట్టిగా నొక్కి బిగించాలి. సుత్తితో కొట్టినా, ప్లయర్‌తో నొక్కినా లోపల ఖాళీలు మిగులుతాయి. చివర్లకు సోల్డర్ పూసి స్క్రూ కింద బిగించడమూ తప్పే, మెత్తటి సోల్డర్ ఒత్తిడికి మెల్లగా జారి బిగువు పోతుంది. ఒక 25కి బదులు రెండు 10 వైర్లు జంటగా వేయడం మరీ ప్రమాదకరం. ఒకదాని లగ్ వదులైతే రెండోది మొత్తం లోడ్ మోస్తుంది, ఎంసీబీకి ఆ తేడా తెలియదు.

కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. ఏడు తీగల 16 వైర్‌లో ఒక్కో తీగ వ్యాసం సుమారు 1.7 మిల్లీమీటర్లు ఉండాలి. మైక్రోమీటర్‌తో కొలిస్తే 1.5 వచ్చిందంటే చేతిలో ఉన్నది 12 వైరే.

పత్రిక ఇకమీదట ఇలాంటి పట్టిక వేసేటప్పుడు పైన 30 డిగ్రీలు, ఒకే సర్క్యూట్ అని షరతు రాయండి, మీటర్ల గడి ఒకటి చేర్చండి. ఎర్త్ వైర్‌కూ ఒక వరుస ఇవ్వండి: ఎర్త్ కూడా రాగిదే అయినప్పుడు, ఫేజ్ 16 దాకా ఉంటే ఎర్త్ అంతే సైజు, 35 దాకా 16, ఆ పైన ఫేజ్‌లో సగం.

ఇట్లు,
ఒక పాఠకుడు