ప్రేమకు అదొక్కటే పరీక్షా?

సంపాదకులకు నమస్కారం.

కారుణ్య మరణం గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. స్పెయిన్‌కు చెందిన రామోన్ సాంపెద్రో జీవితం మీద 2004లో వచ్చిన ‘ది సీ ఇన్‌సైడ్’ సినిమాను ప్రస్తావించి, అతన్ని నిజంగా ప్రేమించింది చావుకు సాయపడిన రోసా ఒక్కతేనని రచయిత తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

నన్ను నిజంగా ప్రేమించేవాళ్లే నా చావుకు సాయపడతారని సినిమాలో రోసాతో రామోనే అంటాడు. అనే హక్కు అతనికుంది. 1968లో, పాతికేళ్ల వయసులో సముద్రంలోకి దూకి మెడ విరిగినవాడు, 1998లో సయనైడ్ తాగి పోయేదాకా కాళ్లూ చేతులూ ఆడక పడున్నవాడు. కానీ చూసే మనం దాన్ని తీర్పుగా తీసుకుంటే ఎలా? ఆ ఇంట్లో మాన్యుయెలా అని ఒక వదిన ఉంది. అన్నం పెట్టేదీ, ఒళ్లు తుడిచేదీ, పక్కకు తిప్పేదీ ఆవిడే. ఇంట్లోవాళ్ల ప్రేమ చాలకే చావు కోరుతున్నాడేమో అన్నట్టు టీవీలో మాట్లాడిన మతగురువు ఇంటికొస్తే, ప్రాణం ఎవరి సొత్తో నాకు తెలియదు గానీ మీకు నోరు మాత్రం పెద్దదని మొహం మీదే అనేస్తుంది. ఆ సీన్ దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. తమ్ముడి కోసం సముద్రం మీద పని మానుకున్న అన్న హోసే, నా ఇంట్లో ఇది జరగనివ్వనని అరుస్తాడు. అది ప్రేమ కాదా? కలిసి చనిపోదామని మాటిచ్చిన, తనూ నయంకాని జబ్బుతో ఉన్న లాయర్ హూలియా చివరికి వెనక్కి తగ్గుతుంది. అది పిరికితనమో, బతుకు మీద తీపో నాకు ఇప్పటికీ తేలలేదు. రోసానీ తప్పుపట్టను. నిజ జీవితంలో సాయం చేసిన రమోనా మనేయిరో, కేసు పెట్టే గడువు దాటాక 2005లో గానీ ఆ సంగతి బయటపెట్టలేదు. అన్నేళ్లు ఎంత టెన్షన్ పడిందో.

నేనూ వదిననే. మా మరిది ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర బైక్ మీంచి పడ్డప్పటి నుంచీ మెడ కింద స్పర్శ లేదు. ఒంటికి పుండ్లు పడకుండా రాత్రుళ్లు అలారం పెట్టుకుని లేచి పక్కకు తిప్పుతాం. మడమ, నడుం కింది ఎముక, చెవి వెనక టార్చి వేసి చూస్తాను. చర్మం కాస్త ఎర్రబడిందంటే ఆ రోజంతా మనసు మనసులో ఉండదు. కరెంటు పోతే ఎయిర్ బెడ్ దిగిపోతుందని మా ఆయన ముందు దానికే ఇన్వర్టర్ కొన్నారు.

2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం గౌరవంగా మరణించే హక్కు మీద ఉత్తర్వు ఇచ్చిన కొత్తలో, చూడ్డానికొచ్చిన బంధువొకాయన మంచం పక్కనే కూర్చుని, “ఇప్పుడు మీ రాష్ట్రంలో పర్మిషన్ వచ్చిందట కదమ్మా” అన్నాడు. మరిది మెలకువగానే ఉన్నాడు. ఆయన వెళ్లాక, “వదినా, అది నాకూ వర్తిస్తుందా?” అని అడిగాడు. వర్తించదన్నాను. ఎందుకు అడిగావని నేను అడగలేదు. కాసేపటికి క్రికెట్ పెట్టమన్నాడు.

నిజంగానే వర్తించదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఒప్పుకున్నది, కోలుకునే ఆశ లేని రోగికి వెంటిలేటర్ లాంటి ప్రాణాధార చికిత్స ఆపడాన్ని. దానికీ ఆసుపత్రిలో రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి. కర్ణాటక ఉత్తర్వు దాన్ని అమలు చేసేదే. ఏ మెషీనూ లేకుండా బతుకుతున్నవాడికి మందిచ్చి చంపడం మన దగ్గర నేరమే. స్పెయిన్‌లో అది చట్టబద్ధమైంది కూడా 2021లోనే, రామోన్ పోయిన ఎన్నో ఏళ్లకు. చికిత్స ఆపడాన్నీ, మందిచ్చి చంపడాన్నీ మీ వ్యాసం ఒకే గాటన కట్టింది. మా ఇంటికొచ్చిన పెద్దమనిషి చేసిందీ అదే.

దయచేసి ఈ తేడాను విడమరిచి మళ్లీ రాయండి. రాసేముందు డాక్టర్లతో, లాయర్లతో పాటు మంచాన పడ్డవాళ్లతోనూ, వాళ్లను చూసుకునేవాళ్లతోనూ మాట్లాడండి. ఇంటికొచ్చి చూసే నర్సులు, ఫిజియోథెరపీ మా లాంటి జీతాలవాళ్లకు అందాలంటే ప్రభుత్వం ఏం చేయాలో కూడా అదే పేజీలో అడగండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కృష్ణరాజపురం, బెంగళూరు