అమ్మకు, పాలు మానిన సంగతి

చికాగో

అమ్మకు నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. పెరుగన్నం మానేశానని తెలిసినప్పటి నుంచి నువ్వు దిగులు పడుతున్నావని చెల్లి చెప్పింది. ఫోనులో సగం సగం చెప్పడం కన్నా ఉత్తరం రాయడమే మేలనిపించింది.

ముద్ద గొంతు దిగాక గుండెల దగ్గర అడ్డుపడుతున్నది కారం వల్ల కాదమ్మా, ఆవకాయ వల్లా కాదు. ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు మామూలుగా అన్నవాహికలో, అంటే గొంతు నుంచి కడుపుకు పోయే గొట్టంలో ఉండవు. పడని ఆహారం తిన్నప్పుడు నాకు అవి అక్కడ చేరి లోపలి పొరను వాపెక్కిస్తున్నాయి. దీన్ని ఇసినోఫిలిక్ ఈసోఫగైటిస్ అంటారు. పట్టించుకోకుండా వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఆ గొట్టం బిరుసెక్కి ఇరుకైపోతుంది.

ఈ జబ్బుకు ఆరు రకాల ఆహారం మాన్పిస్తారని తమ్ముడు చెప్పిన మాట నిజమే. పాలు, గోధుమ, గుడ్లు, సోయా, వేరుశెనగ జీడిపప్పు వంటివి, చేపలు రొయ్యలు ఆ లెక్కలోకి వస్తాయి. అయితే అమెరికాలో పెద్దవాళ్ల మీద జరిపి 2023లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు వారాల పాటు ఆరూ మానినవారిలో 40 శాతం మందికి, పాలు ఒక్కటే మానినవారిలో 34 శాతం మందికి ఆ కణాలు అదుపులోకి వచ్చాయి. తేడా పెద్దది కాదు కనుక మా డాక్టరుగారు పాలతోనే మొదలుపెట్టారు. తర్వాత ఎండోస్కోపీ చేసి, అంటే నోట్లోంచి సన్నని కెమెరా గొట్టం దింపి తీసిన ముక్కలో, ఆ కణాల లెక్క జబ్బుకు హద్దుగా చూసే 15 కంటే బాగా కిందికి దిగింది. ఇంతకు మించిన మంచి కబురు నాకు లేదు. నీ మామిడికాయ వేసిన చేపల పులుసుకు ఇక ఏ అడ్డూ లేదు!

పాలంటే పెరుగు, మజ్జిగ, నెయ్యి, కోవా అన్నీ వచ్చినట్టే. ఆవు పాలు పడకపోతే గేదె పాలు పోద్దామని నువ్వు అనుకుంటావు. రెండింటిలోని మాంసకృత్తులూ దాదాపు ఒకే తీరువి కనుక అదీ కుదరదు. సంక్రాంతికి నేను కావలి వచ్చినప్పుడు, ఒక్క చెంచాకు ఏమవుతుందిలే అని ఎవరూ బలవంతం చేయకుండా నువ్వే చూడాలి. తిన్న వెంటనే దద్దుర్లు లేచే రకం కాదిది. మింగడం హాయిగానే ఉన్నా లోపల వాపు తిరిగి మొదలై ఉండవచ్చు, మళ్లీ ముక్క తీసి చూస్తే తప్ప తెలియదు. అరిసెల పాకంలో నెయ్యి వేయకు, నూనెలోనే కాల్చు. పప్పన్నంలోకి నువ్వుల నూనె చాలు. మలై కాజా పిల్లలకు పెట్టు.

మరో మాట. మామయ్య ముద్దముద్దకూ నీళ్లు తాగుతారు, మాంసం ఎంతసేపు నమిలినా దిగదంటారు, పైగా చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఈ జబ్బు ఉబ్బసం, అలర్జీలు ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆయనను నెల్లూరులో జీర్ణకోశ వ్యాధుల డాక్టరుకు చూపించండి. ఎండోస్కోపీలో పైకి మామూలుగానే కనిపించినా బయాప్సీ కోసం ముక్కలు తీయమని అడగాలి. ఆ పరీక్ష అయ్యేదాకా నా మాట విని పాలు మానవద్దని చెప్పు, ముందే మానేస్తే అసలు జబ్బు పరీక్షలో దొరక్కపోవచ్చు.

నాన్నకు నమస్కారాలు చెప్పు.

నీ పెద్దకొడుకు