రైఫిల్ తూటాల టెండర్లో జిలటిన్ షరతు: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం మంత్రి గారికి,

పోలీసు బలగాల కోసం రైఫిల్ తూటాలు కొనేటప్పుడు «జిలటిన్ దిమ్మలో ఇంత లోతుకు దిగాలి» అని ఒక్క వాక్యంతో సరిపెట్టవద్దని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. ఇక్కడ జిలటిన్ అంటే పేలుడు పదార్థం కాదు, బుల్లెట్ ఒంట్లో ఎలా దిగుతుందో చూడటానికి కండకు బదులుగా వాడే జెల్లీలాంటి ప్రోటీన్ దిమ్మ. ఏ జిలటిన్, ఎంత చల్లగా, ఏ బ్యారెల్ నుంచి అన్నది చెప్పకపోతే అమ్మేవాళ్లు తమకు కావలసిన అంకె తెచ్చుకోగలరు.

ముందు దిమ్మ సంగతి. 250 బ్లూమ్ (జిలటిన్ గట్టిదనాన్ని కొలిచే అంకె) రకం జిలటిన్, బరువులో 10 శాతం, కాల్చేటప్పుడు 4 డిగ్రీల సెల్సియస్. సైనిక వైద్యుడు మార్టిన్ ఫ్యాక్లర్ 1980లలో స్థిరపరిచిన పద్ధతి ఇది. 20 శాతం జిలటిన్‌ను 10 డిగ్రీల దగ్గర వాడే పద్ధతి కూడా ఉంది. ఆ రెండింటి ఫలితాలనూ ఒకే పట్టికలో పెట్టకూడదు.

20×20×40 సెంటీమీటర్ల దిమ్మకు సుమారు 1.6 కిలోల పొడి, 14.4 లీటర్ల నీళ్లు పడతాయి. పొడిని చన్నీళ్లలో కలిపి, ఫ్రిజ్‌లో రెండు గంటలు నాననిచ్చి, తర్వాత వేడినీళ్ల తొట్టిలో పెట్టి కరిగించాలి. మిశ్రమం 40 డిగ్రీలు దాటకూడదు. దాటితే ప్రోటీన్ దెబ్బతిని దిమ్మ మెత్తబడుతుంది, బుల్లెట్ ఉన్నదానికంటే లోతుగా దిగుతుంది. గబగబా కలిపితే బుడగలు చేరతాయి. గడ్డకట్టాక ప్లాస్టిక్‌లో చుట్టి 4 డిగ్రీల దగ్గర 36 గంటలు ఉంచాలి. ఒక్క రాత్రి ఉంచితే పైన చల్లబడినా నడుమ వెచ్చగానే ఉంటుంది, పైపైన పెట్టిన థర్మామీటర్‌కు అది దొరకదు.

ప్రతి దిమ్మనూ ముందుగా సరిచూడాలి. 4.5 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని సెకనుకు 180 మీటర్ల వేగంతో (అటూ ఇటూ 5) కొడితే 8.5 సెంటీమీటర్లు దిగాలి, ఒక సెంటీమీటరు తేడా వరకు ఒప్పుకోవచ్చు. ఈ అంకె లేని నివేదికను మేమైతే చదవం. నూనెతో చేసిన పారదర్శక జెల్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కరిగించి మళ్లీ పోసుకోవచ్చు కూడా. కానీ అందులో వచ్చిన లోతు అసలు జిలటిన్‌ లోతుతో సరిపోలదు.

పిస్తోలు బుల్లెట్‌కు ఎంత దిగింది, ఎంత విచ్చుకుంది అని చూస్తే చాలావరకు సరిపోతుంది. రైఫిల్‌కు అది చాలదు. మొనదేరిన బుల్లెట్ దిమ్మలో కొంత దూరం మొన ముందుకే ఉండి సూటిగా వెళ్లి, తర్వాత అడ్డం తిరుగుతుంది. ఆ సూటి దూరాన్ని ‘మెడ’ అంటాం. 5.56 మిల్లీమీటర్ల సైనిక రైఫిల్ తూటా ఎం193లో అది దాదాపు 12 సెంటీమీటర్లు, ఉక్కు గర్భం ఉన్న ఏకే-47 తూటాలో సుమారు 25. మెడ పొడవైతే బుల్లెట్ తగిలినవాడి ఒంట్లోంచి బయటికి వచ్చి, వెనకున్న అమాయకుడికీ తగలొచ్చు. పైగా దిమ్మను తాకేటప్పుడు బుల్లెట్ ఎంత వంగి ఉందన్నదాన్ని బట్టి, ఒకే లాటులో కూడా మెడ మారుతుంది. అందుకే మూడు కాల్పుల సగటు చాలదు. కనీసం పది కావాలి, పదింటి అంకెలూ విడివిడిగా ఇవ్వాలి.

బ్యారెల్ విషయంలోనే ఎక్కువ మోసపోతాం. బ్యారెల్ పొట్టిదైతే బుల్లెట్ వేగం తగ్గుతుంది. ఎం193 వేగం సెకనుకు సుమారు 820 మీటర్లకు తగ్గితే బుల్లెట్ ఒంట్లో ముక్కలవడం బాగా తగ్గుతుంది. 20 అంగుళాల ప్రయోగశాల బ్యారెల్‌తో పరీక్షించి, సిబ్బందికి కార్బైన్లు (పొట్టి బ్యారెల్ రైఫిళ్లు) ఇస్తే నివేదిక ఎందుకూ కొరగాదు. సిబ్బంది చేతిలోని తుపాకీతోనే, 10 మీటర్ల దగ్గరా, 100 మీటర్ల దగ్గరా కాల్చాలి. ప్రతి కాల్పు వేగాన్నీ దిమ్మ ముందు పెట్టిన క్రోనోగ్రాఫ్‌తో (బుల్లెట్ వేగం కొలిచే పరికరంతో) నమోదు చేయాలి. దిమ్మలు వరుసగా రెండు పెట్టాలి. ఒక్కటే ఉంటే రైఫిల్ బుల్లెట్ అవతలికి పోతుంది, «40కి పైగా» అని రాసుకోవడం తప్ప ఏమీ మిగలదు.

తర్వాత దుస్తులు, ప్లైవుడ్, కారు అద్దం అడ్డుపెట్టి ఇదే క్రమం. దొరికిన ముక్కలన్నీ కడిగి తూచాలి.

టెండర్ పత్రంలో తుపాకీ మూతి దగ్గర బుల్లెట్ శక్తి ఎన్ని జౌళ్లో అడిగే గడి ఉంటే తీసేయండి. ఆ శక్తి ఒంట్లో ఏ లోతున ఖర్చయిందో ఆ అంకె చెప్పదు. దాని స్థానంలో గోళీ లోతు, దిమ్మ నడిమి ఉష్ణోగ్రత, తాకిన వేగం, మెడ, మొత్తం లోతు, మిగిలిన బరువు అన్న ఆరు గడులు పెట్టించండి. విఫలమైన కాల్పులనూ అదే పట్టికలో చూపాలని షరతు రాయించండి.

ఇట్లు,
తూటాల పరీక్షల్లో పనిచేసే సాంకేతిక సిబ్బంది