లైప్సిగ్‌లో నన్ను కలుపుకున్న మనుషులకు కృతజ్ఞతలు

నా మాస్టర్స్ థీసిస్ డిఫెన్స్ పూర్తయింది. అందరూ కంగ్రాట్స్ చెబుతున్నారు, చాలా సంతోషం, కానీ ఈ చదువు ఒడ్డున పడటానికి కారణమైన ఇక్కడి, అంటే జర్మనీలోని ఈ లైప్సిగ్ ఊరి, మనుషుల గురించి చెప్పకుండా ఆ అభినందనలు తీసుకోవాలనిపించడం లేదు. పేర్లు రాస్తే వాళ్లకు ఇష్టం ఉండదు, అందుకే పేర్లు లేకుండానే రాస్తున్నాను.

ముందుగా నా టాండెం మిత్రుడికి. టాండెం అంటే యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు ఒకరి భాష ఒకరికి నేర్పుకోవడం. అతనికి ఇంగ్లీషు మాట్లాడటం కావాలి, నాకు జర్మన్ కావాలి. నేను వచ్చిన కొత్తలో అన్మెల్డుంగ్ టెన్షన్ ఒకటి ఉండేది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం పట్టుకెళ్లి ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, అది అయితేనే ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది, మిగతా పనులు కదులుతాయి. అతను అపాయింట్‌మెంట్ వెతికిపెట్టి నాతో పాటు వచ్చాడు. కౌంటర్ దగ్గర మాత్రం నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడలేదు, నేను ఆగిపోయినప్పుడు మాత్రమే మెల్లగా మాట అందించాడు. అంతా తనే మాట్లాడేస్తే పని ఐదు నిమిషాల్లో అయిపోయేది, కానీ ఆ తర్వాత ఏ ఆఫీసుకైనా ఒంటరిగా వెళ్లే ధైర్యం నాకు వచ్చేది కాదు.

తర్వాత వాళ్ల మామ్మగారికి. ఆవిడ గురించి ఎంత రాసినా తక్కువే. రైలు పట్టాల పక్కన ఆవిడకొక చిన్న తోట ఉంది, ఇక్కడి వాళ్లు క్లైన్‌గార్టెన్ అంటారు, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఒక సంఘం నుంచి కౌలుకు తీసుకుని సాగు చేసుకునే తోట. ఈ పద్ధతికి పుట్టిల్లు లైప్సిగే. 1864లో ఒక స్కూలు హెడ్మాస్టరు పిల్లల ఆటస్థలం కోసం సంఘం పెట్టి, దానికి ష్రేబర్ అనే డాక్టరు పేరు పెట్టారట. ఆటస్థలం పక్కన పిల్లల కోసం వేసిన మొక్కల మడులను క్రమంగా తల్లిదండ్రులే చూసుకోవడం మొదలుపెట్టారు, అవే కుటుంబాల తోటలయ్యాయి. ఆ సంఘం పాత భవనంలో ఇప్పుడొక మ్యూజియం ఉంది, మామ్మగారే తీసుకెళ్లి చూపించారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడే ఆవిడ నా చేతికి పార ఇచ్చారు. బంగాళాదుంపల మడి తవ్వాలి. నాకు అది ఎంత నచ్చిందో చెప్పలేను, ఎందుకంటే అతిథిగా కూర్చోబెడితే ఒకసారి పిలుస్తారు, పని అప్పగిస్తే మళ్లీ శనివారం కూడా రావాలి కదా. అలా శనివారాలన్నీ అక్కడే గడిచాయి. ఆ తరం తూర్పు జర్మనీ వాళ్లు బడిలో నేర్చుకున్నది రష్యన్, ఆవిడకు ఇంగ్లీషు రాదు, కాబట్టి నా జర్మన్ క్లాసులో కన్నా చిక్కుడు పందిళ్ల దగ్గరే ఎక్కువ పెరిగింది. తోటలో మూడో వంతు పళ్లకూ కూరగాయలకూ ఉండాలి, తోటలోని చిన్న ఇల్లు 24 చదరపు మీటర్లు దాటకూడదు, మధ్యాహ్నం నిశ్శబ్దం పాటించాలి, ఏడాదిలో కొన్ని గంటలు సంఘం పనికి రావాలి, ఇలా బోలెడు నియమాలు. బయట నుంచి చూస్తే ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. లోపల ఉంటే ఆ సంఘం పని రోజునే పక్క తోటల వాళ్లందరూ పరిచయమవుతారు.

నా గది కాంట్రాక్టు అయిపోయి, థీసిస్ మధ్యలో ఉండటానికి చోటు దొరకక తిరుగుతున్నప్పుడు ఆ పరిచయాలే కాపాడాయి. మామ్మగారు నన్ను అడగకుండానే సంఘం నోటీసు బోర్డు మీద నా గురించి చీటీ అంటించారు, పక్క తోట వాళ్ల అమ్మాయి ఉండే వేగేలో, అంటే నలుగురు కలిసి అద్దెకుండే ఇంట్లో, గది ఖాళీ అవుతోందని కొద్ది రోజుల్లోనే కబురొచ్చింది. ఆ సంఘం వాళ్లందరికీ చేతులెత్తి నమస్కారం. ఆ ఇంటి వాళ్లకు కూడా. పుట్టినరోజు శుభాకాంక్షలు ఇక్కడ ముందు రోజు చెప్పకూడదని, చెబితే అశుభమని, కేకు పుట్టినరోజు ఉన్నవాళ్లే తేవాలని, ఆదివారం డ్రిల్లింగ్ మెషీన్ ముట్టుకోవద్దని, అన్నీ ముందే ఓపిగ్గా చెప్పారు.

ఒక సాయంత్రం గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. 1989 అక్టోబరు 9, సోమవారం, నికోలాయ్ చర్చిలోనూ మరికొన్ని చర్చిల్లోనూ శాంతి ప్రార్థనలు అయ్యాక, అప్పటి తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా 70,000 మంది ఈ ఊరి రింగ్ రోడ్డు మీద నడిచారు. పోలీసులు సిద్ధంగా ఉన్నారు, కాల్పులు జరుగుతాయని అందరికీ భయం, అయినా ఒక్క తూటా పేలలేదు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ రోజు మామ్మగారి భర్త నడవడానికి వెళ్లారు, ఆవిడ ఇంట్లో ఉండిపోయారు, పిల్లలకు ఇద్దరిలో ఒక్కరైనా మిగలాలని వాళ్లు ముందే అనుకున్నారట. ఆయన తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డానని చెబుతుంటే ఆవిడ గొంతు మారిపోయింది. ఏటా ఆ రోజున ఆగుస్టుస్ ప్లాట్స్ చౌకులో జనం దీపాలు పెడతారు, ఆవిడ నన్ను తీసుకెళ్లి నా చేత కూడా ఒక దీపం పెట్టించారు. ఇంటి విషయంలో ఇంత లోపలికి రానిచ్చినందుకు మామ్మగారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఇదే పోస్టు జర్మన్‌లో కూడా రాస్తున్నాను, తప్పులు దిద్దే పని టాండెం మిత్రుడిదే, అయ్యాక సంఘం నోటీసు బోర్డు మీద పెడతాను. వచ్చే శనివారం అక్కడ కంచె బాగుచేసే పని ఉంది, మనుషులు కావాలంటున్నారు. లైప్సిగ్‌లో కొత్తగా దిగిన మన పిల్లలు ఎవరైనా రాగలిగితే నాకు మెసేజ్ చేయండి, నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాను.