ఆ ఎర్ర మ్యాపులో ఉన్నది గాలి వేడి కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, పేపర్లలో, టీవీల్లో ఉపగ్రహం తీసిన ఎర్రెర్రటి మ్యాపులు మొదలవుతాయి. వాటిలో ఉండేది నేల వేడి. వాతావరణ శాఖ చెప్పేది గాలి వేడి, అదీ నీడపట్టున, గాలాడే చెక్క పెట్టెలో, నేలకి నాలుగడుగుల పైన కొలిచింది. మిట్టమధ్యాహ్నం ఒట్టి నేల గాలికన్నా పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ కాలడం మామూలే. రెండూ కలిపేసి రాస్తే జనానికి ఊరికే టెన్షన్.

పోనీ ఆ నేల వేడి అయినా ఒక్కటేనా అంటే అదీ కాదు. మా చీమకుర్తి గ్రానైట్ క్వారీల పక్కన వేస్టు రాళ్ల గుట్టలు చూడండి. పొద్దున పదిన్నర ప్రాంతంలో (నేల వేడి కొలిచే ల్యాండ్‌శాట్ ఉపగ్రహం మన మీదుగా పోయేది దాదాపు అప్పుడే) రాళ్లకి తూర్పు ముఖం చెయ్యి పెట్టలేనంత కాలిపోయి ఉంటుంది, పడమటి ముఖం ఇంకా చల్లగానే ఉంటుంది. ఎండ వైపు నుంచి చూసే ఉపగ్రహానికి కాలిన ముఖాలు ఎక్కువ కనబడతాయి, అవతలి నుంచి చూసేదానికి నీడలు. గుట్ట ఒకటే, అంకెలు రెండు! పైగా ల్యాండ్‌శాట్ వేడి మ్యాపులో ఒక్కో గడి నేల మీద వంద మీటర్లది, అందులో గుట్ట, గుంట, అడుగున నిలిచిన నీళ్లు, లారీల దారి అన్నీ కలిసి ఒకే రంగైపోతాయి.

రాతి సందులది ఇంకో తిరకాసు. ఉపగ్రహం వేడిని లెక్కగట్టేది నేల విడిచే సెగను బట్టే కదా. ఒక గోడ విడిచిన సెగ ఎదుటి గోడకి తగిలి, కొంత అక్కడే ఇంకి, కొంత వెనక్కి తిరిగి, అలా అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి, అంతే వేడి మీదున్న నున్నటి పలకకన్నా గరుకు రాయి ఎక్కువ సెగ విడుస్తుంది. చిల్లకూరు వైపు సిలికా ఇసుక కొన్ని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) తరంగాల్లో సెగ తక్కువ విడుస్తుంది, లెక్కలో అది చూసుకోకపోతే ఉన్నదానికన్నా చల్లగా చూపిస్తుంది.

క్వారీ గుంటలో దిగే కూలీలకి మాత్రం ఇది మ్యాపుల గొడవ కాదు. చుట్టూ రాతి గోడలే, పైన కాస్త ఆకాశం, పొద్దు వాలినా గోడల సెగ ఒంటికి కొడుతూనే ఉంటుంది. ఒంగోలు ఉష్ణోగ్రత చూసి వాళ్ల పనివేళలు పెడితే ఎలాగండీ? గుంట అడుగునే నల్లగోళం థర్మామీటరు పెట్టి (నల్లరంగు వేసిన రాగి బంతిలో ఉంటుంది, గోడల సెగ కూడా దానికి తెలుస్తుంది) ఆ అంకెను బట్టి పని ఆపించాలని అధికారులను కోరుతున్నాను. మీరు మాత్రం మ్యాపు వేసినప్పుడల్లా అది నేల వేడో గాలి వేడో, ఎన్నింటికి తీసిందో పక్కనే ఒక ముక్క రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, చీమకుర్తి, ప్రకాశం జిల్లా