ఎక్స్‌రే మెషీన్‌కి టెస్టులున్నాయి, తీసేవాళ్ళకి లేవు

ఎడిటర్ గారికి నమస్కారమండి,

నేను పాలకొల్లు దగ్గర ఒక స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రే, సీటీ తీస్తాను. డీఎంఐటీ (ఎక్స్‌రే, స్కానింగ్ డిప్లొమా) చదివి పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ అయినవాణ్ణి. మా పని గురించి పేపర్లో రాసేవాళ్ళు తక్కువ కాబట్టి నేనే రాస్తున్నా. రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ ఏఈఆర్‌బీ రూల్ ప్రకారం ఎక్స్‌రే మెషీన్‌ని వాళ్ళ ఈలోరా పోర్టల్లో ఎక్కించాలి, కనీసం రెండేళ్ళకోసారి క్యూఏ టెస్టు (మెషీన్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసేది) చేయించాలి, చాలా మంచిది. కానీ ఆ మెషీన్ దగ్గర బటన్ నొక్కే మనిషి కోర్సు అయిపోయాక కొత్తగా ఏమన్నా నేర్చుకున్నాడా అని అడిగే నాథుడు లేడండి.

నేను చదువుకున్నప్పుడు ఫిల్ములు, డెవలపరు, డార్క్‌రూమ్. ఎక్స్‌పోజర్ (పంపే కిరణాలు) ఎక్కువైతే ఫిల్మ్ నల్లగా మాడిపోయేది, డాక్టరుగారు చివాట్లు పెట్టేవారు, మర్నాటి నుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని తీసేవాళ్ళం. ఇప్పుడంతా డిజిటల్ కదా, ఎక్కువ కొట్టినా కంప్యూటరే సర్దేసి నీట్‌గా చూపిస్తుంది, పైగా తక్కువ కొడితేనే చుక్కలు చుక్కలుగా వస్తుంది, అందుకని చాలా చోట్ల ఎందుకైనా మంచిదని ఎంఏఎస్ (కిరణాల మోతాదు) పెంచుకుంటూ పోతున్నారు, ఆ పెంచిందంతా పేషెంటు ఒంట్లోకే. స్క్రీన్ మీద ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అని ఒక నంబర్ వస్తుంది, అది చూస్తే ఎక్కువైందో లేదో తెలిసిపోతుంది. కొన్ని కంపెనీల మెషీన్లలో ఆ నంబర్ పెరిగితే డోస్ ఎక్కువని, కొన్నిట్లో తగ్గితే ఎక్కువని అర్థం. ఇది ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి కదండీ, సెంటర్ మారిన కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

మాకు నేర్పినవి కూడా మారిపోయాయి. పొత్తికడుపు, తుంటి ఎక్స్‌రేలకి కిరణాలు తగలకుండా పేషెంటు మీద లెడ్ (సీసం) ముక్క కప్పమని నేర్పారు. అది అడ్డమొస్తే మళ్ళీ తియ్యాల్సొస్తుంది, మెషీనే మోతాదు సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్ ఉంటే డోస్ ఇంకా పెరుగుతుంది, అందుకే రొటీన్‌గా కప్పొద్దని అమెరికాలో మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లోనే చెప్పింది.

ఇక అసలు కోర్సే చదవని కుర్రాళ్ళని మెషీన్ మీద పెట్టేవాళ్ళున్నారు. కొబ్బరి చెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుణ్ణి ఒకచోట బల్లమీద పడుకోబెట్టి, పుస్తకంలో బొమ్మలా రావాలని విరిగిన కాలు లోపలికి తిప్పబోయారు. ఆ మనిషి అరుపు నేను మర్చిపోలేను. తుంటి విరిగిందని అనుమానం ఉంటే ఆ కాలు కదపకూడదు, పక్క నుంచి క్రాస్ టేబుల్ ల్యాటరల్ తియ్యాలి, ఇది మా చదువులో మొదట నేర్పేదే.

అమెరికాలో మాలాంటివాళ్ళకి ఏఆర్ఆర్‌టీ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ నిలబెట్టుకోవాలంటే ప్రతి రెండేళ్ళకీ 24 సీఈ (కోర్సు అయ్యాక కూడా నేర్చుకుంటున్నట్టు చూపే) క్రెడిట్లు చూపించాలి. మనకీ 2021లో టెక్నీషియన్లలాంటి వైద్య సిబ్బంది కోసం అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది, మా రేడియాలజీ టెక్నాలజిస్టులు కూడా అందులో ఉన్నారు, దాన్ని అమలు చెయ్యండని 2024లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకి చెప్పాల్సొచ్చింది. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అంటే ఫీజు కట్టి రసీదు తెచ్చుకోవడం కాకుండా ఇన్ని గంటల క్లాసులు విన్నట్టు చూపిస్తేనే చెయ్యాలి. ఎక్స్‌రే రూమ్ తలుపు మీద తీసేవాళ్ళ పేరు, రిజిస్టర్ నంబర్ రాసిపెట్టాలి, జనం కూడా అడగాలి, అడిగితే మాకేం కోపం రాదు.

క్లాసులు విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పెడితే మాత్రం డెల్టాలో చిన్న సెంటర్లవాళ్ళం వెళ్ళలేం, రాత్రి యాక్సిడెంట్ కేసొస్తే ఉండేది మేమొక్కళ్ళమే. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో ఆదివారాలు పెట్టమనండి, అమలాపురం, రాజోలు, నరసాపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తాం, ఫీజు మేమే కడతాం. ఆ రోజు జీతం కొయ్యకుండా ఓనర్లకి ఒక ఆర్డర్ ఇప్పించమని కలెక్టర్ గార్లని మీ పేపర్ ద్వారా కోరుతున్నానండి.

ఒక ఎక్స్‌రే టెక్నీషియన్,
పాలకొల్లు